ఒక్క బ్యాటరీతో మైనస్ వోల్టేజీ ఎట్లా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. చేతిలో ఉన్నది ఒక్క 9 వోల్టుల బ్యాటరీ, లేదంటే యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు. పుస్తకం తెరిస్తే ఆప్-యాంప్ (చిన్న సిగ్నల్‌ని పెంచే ఐసీ) బొమ్మలో పైన ప్లస్, కింద మైనస్ రెండూ ఉంటాయి. ఆ కిందిది ఎక్కడ నుంచి తేవాలన్నదే అందరి టెన్షన్. అందుకే ఈ నెల పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. జవాబులకు ముందు ఒక్క మాట: ఇలాంటి ప్రశ్న రాసేటప్పుడు మీ సర్క్యూట్ మైనస్ వైపు నుంచి ఎన్ని మిల్లీఆంపియర్లు తీసుకుంటుందో కూడా రాయండి. "మైనస్ 5 కావాలి" అని ఊరుకుంటే నేను సగం జవాబే చెప్పగలను, ఎందుకంటే ఒక మిల్లీఆంపియరుకి ఒక దారి, వంద మిల్లీఆంపియర్లకి పూర్తిగా వేరే దారి.

ప్రశ్న: అన్నా, మా కాలేజీ ల్యాబ్‌లో డ్యూయల్ పవర్ సప్లై ఉంది, ఇంట్లో లేదు. 9 వోల్టుల అడాప్టర్ వైర్లు తిరగేసి పెడితే మైనస్ 9 వస్తుంది కదా, మరి ఒకే అడాప్టర్ నుంచి ప్లస్, మైనస్ రెండూ తీసుకోవచ్చా?
– బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ విద్యార్థి, తిరుపతి

తిరగేస్తే మైనస్ వస్తుంది తమ్ముడూ, కానీ ఆ క్షణంలోనే ప్లస్ పోతుంది. అలిపిరి నుంచి కొండకి 3550 మెట్లు అంటాం కదా, అది అలిపిరిని సున్నా అనుకుని వేసిన లెక్క. నువ్వు నడుచుకుంటూ పోయి గాలిగోపురం దగ్గర కూర్చుని, ఇదే సున్నా అన్నావనుకో, అప్పుడు కొండ ప్లస్ అవుతుంది, అలిపిరి మైనస్ అవుతుంది. మెట్లు ఒక్కటీ పెరగలేదు, తగ్గలేదు. సున్నా ఎక్కడ పెట్టావన్నదే మారింది. నీ అడాప్టర్‌లో ఉన్నవి 9 వోల్టుల మెట్లే, కాబట్టి సున్నాని సరిగ్గా మధ్యలో పెడితే పైకి 4.5, కిందికి 4.5 వస్తాయి. ప్లస్ 9, మైనస్ 9 రెండూ కావాలంటే మాత్రం ఇంకో 9 ఎక్కడి నుంచైనా రావాల్సిందే.

మధ్యలో సున్నా పెట్టడం సులువు. రెండు 100 కిలోఓమ్ రెసిస్టర్లు వరసగా కలిపి, మధ్య బిందువు దగ్గర నుంచి కిందికి ఒక 10 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ పెట్టి, ఆ బిందువుని ఎల్ఎం 358 అనే రెండు ఆప్-యాంప్‌ల ఐసీలో ఒక సగానికి ఇచ్చి, దాన్ని ఫాలోయర్‌గా కట్టు, అంటే దాని అవుట్‌పుట్‌ని దాని మైనస్ ఇన్‌పుట్‌కే కలుపు. ఆ ఫాలోయర్ అవుట్‌పుటే నీ గ్రౌండ్. కెపాసిటర్ రెసిస్టర్ల వైపే ఉండాలి, ఫాలోయర్ అవుట్‌పుట్ మీద పెద్దది పెడితే ఆ ఐసీ ఊగిసలాడటం మొదలుపెడుతుంది. రెసిస్టర్లు మాత్రమే పెట్టి ఫాలోయర్ వదిలేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను ల్యాబ్‌లో ఏటా చూసేవాణ్ణి: లోడ్ కొంచెం మారగానే సున్నా జరిగిపోతుంది, తర్వాత సర్క్యూట్ మొత్తం తప్పు చూపిస్తోందని గంటలు గంటలు వెతుకుతారు.

ఒక జాగ్రత్త. ఇలా కట్టాక అడాప్టర్ మైనస్ వైరు నీ సర్క్యూట్‌కి గ్రౌండ్ కాదు, అది మైనస్ 4.5. సిగ్నల్ ఇచ్చే పరికరం గ్రౌండ్ కూడా అదే అడాప్టర్ మైనస్‌కి కలిసి ఉంటే, రెండూ కలిపిన మరుక్షణం నీ మధ్య బిందువు షార్ట్ అయినట్టే. అలాంటి చోట ఈ ఉపాయం పనికిరాదు. ఇంట్లో ప్రయోగాలకైతే రెండు 9 వోల్టుల బ్యాటరీలు కొనుక్కో. ఒకదాని ప్లస్‌ని ఇంకోదాని మైనస్‌కి కలిపితే ఆ ముడే గ్రౌండ్, ఏ లెక్కా అక్కర్లేదు.

ప్రశ్న: సార్, మాకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కాయలు వేసే తోట ఉంది. సరదా కొద్దీ పీహెచ్ మీటర్ చేసుకున్నాను. గ్లాస్ ఎలక్ట్రోడ్, సీఏ 3140 ఆప్-యాంప్, ఒక 9 వోల్టుల బ్యాటరీ, చూడటానికి మల్టీమీటర్. గుజ్జులో పెడితే బాగానే చూపిస్తోంది. బోరు నీళ్ళలో పెడితే మాత్రం 7 దగ్గరే అతుక్కుపోతోంది, కదలదు. ఎలక్ట్రోడ్ పాడైందా?
– ఒక రైతు, చిత్తూరు

ఎలక్ట్రోడ్ బాగుంది అయ్యా, పారేయకండి. మీ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషమైంది, ఎందుకంటే మైనస్ సప్లై ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు.

గ్లాస్ ఎలక్ట్రోడ్ పీహెచ్ 7 దగ్గర దాదాపు సున్నా వోల్టులు ఇస్తుంది. 7 కంటే ఒక్కో మెట్టు పులుపు వైపు పోతే 25 డిగ్రీల దగ్గర సుమారు 59 మిల్లీవోల్టులు ప్లస్, క్షారం వైపు పోతే అంతే మైనస్. గుజ్జు 4 దగ్గర ఉంటే ప్లస్ 177 మిల్లీవోల్టులు వస్తాయి, మీ ఆప్-యాంప్ దాన్ని హాయిగా పెంచి చూపిస్తుంది. బోరు నీళ్ళు 8 అనుకోండి, ఎలక్ట్రోడ్ మైనస్ 59 ఇస్తోంది, కానీ మీ 3140కి కింద ఉన్నది సున్నా. దాని అవుట్‌పుట్ సున్నా కంటే కిందికి దిగడానికి దారే లేదు, కాబట్టి సున్నా దగ్గర కూర్చుంటుంది, మీరు దాన్ని 7 అని చదువుతున్నారు. ఇంకో విషయం, మీరు 3140 ఎంచుకోవడం చాలా మంచి పని. గ్లాస్ ఎలక్ట్రోడ్ లోపలి నిరోధం వంద మెగాఓమ్‌ల దాకా ఉంటుంది కాబట్టి 358 లాంటిది పెట్టి ఉంటే దాని ఇన్‌పుట్ కరెంటుకే రీడింగ్ మొత్తం కొట్టుకుపోయేది.

మీకు కావాల్సింది ఐసీఎల్ 7660 అనే ఎనిమిది కాళ్ళ ఐసీ, రెండు 10 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్లు. అంతే, కాయిల్ లేదు, ట్రాన్స్‌ఫార్మర్ లేదు. టీసీ 7660 అని ఇంకో కంపెనీది దొరికినా కాళ్ళ వరస అదే. 8వ కాలుకి బ్యాటరీ ప్లస్, 3వ కాలుకి గ్రౌండ్. 2కీ 4కీ మధ్య మొదటి కెపాసిటర్, దాని ప్లస్ కాలు 2 వైపు. మైనస్ వోల్టేజీ 5వ కాలు దగ్గర వస్తుంది. అక్కడి నుంచి గ్రౌండ్‌కి రెండో కెపాసిటర్.

ఇక్కడ ఆగి జాగ్రత్తగా చదవండి, నూటికి తొంభై మంది తప్పు చేసేది ఇక్కడే. ఈ రెండో కెపాసిటర్ ప్లస్ కాలు గ్రౌండ్‌కి పోవాలి, మైనస్ కాలు 5కి. మన చేతికి కెపాసిటర్ మైనస్‌ని గ్రౌండ్‌కి పెట్టడం అలవాటైపోయి ఉంటుంది, ఆలోచించకుండానే అలా పెట్టేస్తాం. ఇక్కడ గ్రౌండే పై మెట్టు. తిరగేసి పెడితే ఎలక్ట్రోలైటిక్ వేడెక్కి, ఉబ్బి, చివరికి పగిలిపోతుంది. టాంటలమ్ రకమైతే అంత ఓపిక కూడా పట్టదు, వెంటనే మండుతుంది.

లోపల ఏం జరుగుతుందంటే, మొదటి కెపాసిటర్‌ని బ్యాటరీకి కలిపి 9 వోల్టులకి నింపుతుంది, తర్వాత అక్కడి నుంచి విడదీసి దాని ప్లస్ కాలుని గ్రౌండ్ మీద పెడుతుంది. ప్లస్ కాలు సున్నా దగ్గర ఉంటే మైనస్ కాలు మైనస్ 9 దగ్గర ఉండక తప్పదు కదా, ఆ మైనస్ 9ని రెండో కెపాసిటర్‌లో పోస్తుంది. బావిలోంచి చేదతో తోడి తొట్టిలో పోసినట్టే. చేద ఎంత పెద్దదన్నది కెపాసిటర్, ఎంత త్వరగా తోడుతున్నామన్నది ఫ్రీక్వెన్సీ. ఈ ఐసీ లోపలి ఆసిలేటర్ సుమారు 10 కిలోహెర్ట్జ్, దాన్ని రెండుతో భాగించి, అంటే సెకనుకి 5 వేల సార్లు తోడుతుంది.

చేదతో తోడే నీళ్ళు కొళాయి ధారలాగా ఉండవు. ఎక్కువ వాడితే తొట్టిలో మట్టం పడిపోతుంది. ఈ 7660 అవుట్‌పుట్ వెనక 50, 60 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి దాక్కుని ఉందనుకోండి. మీ 3140 రెండు మూడు మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. 3 మిల్లీఆంపియర్లకి 60 ఓమ్‌లలో పడిపోయేది 0.18 వోల్టు మాత్రమే, మీకు మైనస్ 8.8 మిగులుతుంది, కావాల్సిన దానికంటే ఎక్కువే. అదే 20 మిల్లీఆంపియర్లు లాగితే ఒక వోల్టుకి పైగా పోతుంది. అందుకే మైనస్ వోల్టేజీని ఎప్పుడూ లోడ్ తగిలించే కొలవండి. ఖాళీగా కొలిస్తే అది చక్కగా మైనస్ 9 చూపించి మిమ్మల్ని నమ్మిస్తుంది. మైనస్ వైపు తీసుకునే ప్రతి మిల్లీఆంపియరూ మళ్ళీ అదే బ్యాటరీ ప్లస్ నుంచే వస్తుందని కూడా లెక్కలో పెట్టుకోండి. మీ బ్యాటరీ ఇంతకుముందు ఉన్నన్ని రోజులు ఇక ఉండదు, ఇంచుమించు సగమే. మీటరుకి స్విచ్ పెట్టడం మర్చిపోకండి.

6వ కాలు 3.5 వోల్టుల కంటే తక్కువ సప్లైలో మాత్రమే గ్రౌండ్‌కి కలపాలి, మీది 9 కాబట్టి ఖాళీగా వదిలేయండి. మామూలు 7660కి 10 వోల్టులే హద్దు. కొత్త 9 వోల్టుల బ్యాటరీ 9.5 దాకా చూపించినా పర్వాలేదు, కానీ అడాప్టర్ జోలికి మాత్రం పోవద్దు. పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ మీద 9 అని రాసి ఉన్నా లోడ్ లేనప్పుడు 12, 13 ఇస్తుంది. నేను ఒకసారి అలాగే తగిలించి, చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెచ్చుకున్న ఐసీని పెట్టిన ఐదు నిమిషాల్లో చంపుకున్నాను. మన తిరుపతి నుంచి చెన్నై పోయి రావడానికి ఒక రోజు పడుతుంది, అందుకని ఆ బాధ ఇంకా గుర్తుంది.

మీరు ముందు ముందు మల్టీమీటర్ తీసేసి ఆర్డుయినో (ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డు) పెట్టాలనుకుంటే, అప్పుడు మైనస్ అసలు వద్దు. దాని ఇన్‌పుట్ ఎలాగూ సున్నా కింద చదవలేదు. ఎలక్ట్రోడ్ రిఫరెన్స్ వైరుని గ్రౌండ్‌కి కాకుండా ఒక స్థిరమైన 1 వోల్టుకి కలపండి. అప్పుడు పీహెచ్ 7 అంటే 1 వోల్టు, పులుపు దాని పైన, క్షారం దాని కింద. మళ్ళీ గాలిగోపురం లెక్కే.

ప్రశ్న: అన్నా, మా భజన బృందానికి మైక్ ప్రీయాంప్ చేశాను. టీఎల్ 072 ఆప్-యాంప్, మైనస్ సప్లైకి 7660. అన్నమయ్య కీర్తన పాడేటప్పుడు మధ్యలో గొంతు ఆపితే చాలు, స్పీకర్లో సన్నగా ఈల వినిపిస్తోంది. మైక్ మార్చినా పోలేదు.
– తిరుపతి

ఆ ఈల మైక్‌ది కాదు తమ్ముడూ, పైన చెప్పిన చేద చప్పుడు. తోడిన ప్రతిసారీ మైనస్ వైరు మీద చిన్న అల లేస్తుంది. 072 రెండు సగాలూ కలిపి దాదాపు 3 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి 10 మైక్రోఫ్యారడ్‌తో ఆ అల 30 మిల్లీవోల్టుల దాకా ఉంటుంది. 5 కిలోహెర్ట్జ్ అంటే మన చెవి బాగా పట్టుకునే చోటు. ఆప్-యాంప్‌కి సప్లై అలలని అడ్డుకునే శక్తి ఉంటుంది గానీ, ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ ఆ శక్తి తగ్గిపోతుంది, పైగా మైక్ సిగ్నల్‌ని నువ్వు వందల రెట్లు పెంచుతున్నావు.

ముందు 5వ కాలు దగ్గరున్న కెపాసిటర్ తర్వాత ఒక 100 ఓమ్ రెసిస్టర్, దాని తర్వాత 47 మైక్రోఫ్యారడ్ పెట్టు, ప్లస్ గ్రౌండ్ వైపే సుమా. 072కి అక్కడి నుంచి ఇవ్వు. పడిపోయేది 0.3 వోల్టే, అల మాత్రం నూరో వంతుకి తగ్గుతుంది. కెపాసిటర్ లోపలి నిరోధం ఎక్కువగా ఉంటే అంత తగ్గదు, అందుకని మంచి కొత్త కెపాసిటర్ వాడు, పాత రేడియోలోంచి ఊడదీసింది వద్దు. దాంతో పోకపోతే పేరు చివర ఎస్ అక్షరం ఉన్న 7660 తెప్పించుకో. దాంట్లో 1వ కాలు బూస్ట్. ఆ కాలుని 8కి కలిపితే ఆసిలేటర్ 10 నుంచి 35, 45 కిలోహెర్ట్జ్‌కి ఎగురుతుంది, తోడటం అందులో సగం వేగంతో. 45 రకమైతే 22 దాటుతుంది, చెవికి అందదు. 35 రకమైతే 17 దగ్గర ఉంటుంది, పెద్దవాళ్ళలో చాలామందికి వినిపించదు, పిల్లలకి వినిపించొచ్చు. మామూలు 7660లో ఆ 1వ కాలు దేనికీ కలవదు, కలిపినా ఏమీ జరగదు. ఇంకో పని: 7660 గ్రౌండ్ వైరుని మైక్ గ్రౌండ్ మీదుగా పోనివ్వకు. రెండూ విడివిడిగా వచ్చి బ్యాటరీ దగ్గర మాత్రమే కలవాలి. చాలా ఈలలు నిజానికి ఈ వైరు వల్లే.

అయినా నా మాటగా చెప్తున్నా, మళ్ళీ కొత్తగా కట్టేటప్పుడు మైక్ ప్రీయాంప్‌కి మైనస్ వద్దు. పాట సిగ్నల్‌లో నిలకడగా ఉండే డీసీ భాగమే లేదు, ముందూ వెనకా కెపాసిటర్లు పెట్టి సగం సప్లై మీద నడిపితే తోడే ఐసీయే ఉండదు, ఈలా ఉండదు. పీహెచ్ ఎలక్ట్రోడ్ లాంటి నెమ్మది సిగ్నల్‌కి ఆ సౌకర్యం లేదు, అందుకే అక్కడ 7660 పెట్టమన్నాను.

ప్రశ్న: మా ఊళ్ళో 7660 దొరకలేదు. షాపులో 555 టైమర్ ఐసీ మాత్రం ఉంది. దాంతో అవుతుందా?
– శ్రీకాళహస్తి

అవుతుంది. 555ని ఆస్టేబుల్‌గా, అంటే అవుట్‌పుట్ ఆగకుండా పైకీ కిందికీ ఊగేలా కట్టండి. రెండు రెసిస్టర్లూ 4.7 కిలోఓమ్, కెపాసిటర్ 472 అని రాసి ఉండేది, అంటే 4.7 నానోఫ్యారడ్. సుమారు 22 కిలోహెర్ట్జ్ వస్తుంది. 3వ కాలు నుంచి 10 మైక్రోఫ్యారడ్, ప్లస్ ఐసీ వైపు. దాని మైనస్ కాలు దగ్గర రెండు 1ఎన్ 4148 డయోడ్లు కలవాలి: ఒకటి ఆ బిందువు నుంచి గ్రౌండ్‌కి, గీత ఉన్న చివర గ్రౌండ్ వైపు. రెండోదాని గీత ఉన్న చివర ఈ బిందువు దగ్గర, ఇంకో చివర మీ మైనస్ అవుట్‌పుట్. అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి ఇంకో 10 మైక్రోఫ్యారడ్, ప్లస్ గ్రౌండ్‌కి. 9 వోల్టులు ఇస్తే మైనస్ 6 దగ్గర వస్తుంది. తక్కిన 3 ఎక్కడ పోయాయంటే, మామూలు 555 అవుట్‌పుట్ పైకి పోయినప్పుడు సప్లై కంటే వోల్టున్నర కిందే ఆగుతుంది, డయోడ్లు చెరో 0.7 తింటాయి. తక్కువ వోల్టేజీ తినే షాట్కీ డయోడ్లు పెడితే కొంచెం మెరుగు. బ్యాటరీ మీద నడిపేదైతే ఒక చిక్కుంది: మామూలు 555 తన కోసమే కొన్ని మిల్లీఆంపియర్లు తాగుతుంది, అసలు సర్క్యూట్ కంటే ఇదే ఎక్కువ. సీమాస్ రకం 7555 దొరికితే అది తీసుకోండి, కాకపోతే దానికి బలం తక్కువ, ఒకటి రెండు మిల్లీఆంపియర్లకి మించి అడగొద్దు.

ఇంకో దారి చాలామందికి తట్టదు. మీ దగ్గర పాత మోడెమో, సీరియల్ పోర్ట్ ఉన్న పాత బోర్డో ఉంటే దాంట్లో మ్యాక్స్ 232 అనే ఐసీ ఉండొచ్చు. అది 5 వోల్టుల నుంచి తనకు తానే ప్లస్, మైనస్ తయారు చేసుకుంటుంది. దాని 6వ కాలు దగ్గర మైనస్ 8, 9 వోల్టులు దొరుకుతాయి. ఒకటి రెండు మిల్లీఆంపియర్లు తీసుకుంటే అది పట్టించుకోదు. 5 వోల్టులకి మించి మాత్రం ఇవ్వొద్దు.

ప్రశ్న: మైనస్ 12 వోల్టులు, ఒక ఆంపియర్ కావాలి. 7660లు ఎన్ని కలపాలి?
– చిత్తూరు

కలపొద్దు. ఒక ఆంపియర్ ఈ దారిలో రాదు. మధ్య ట్యాప్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్ల బ్రిడ్జి, పెద్ద కెపాసిటర్లు, మైనస్ 12 ఇచ్చే రెగ్యులేటర్ 7912, ఇవి కావాలి. ఆ 7912 కాళ్ళ వరస ప్లస్ 12 ఇచ్చే 7812 లాగా ఉండదు: రాసి ఉన్న వైపు మీకు కనిపించేలా పెడితే ఎడమ నుంచి గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. దాని లోహపు రెక్క కూడా గ్రౌండ్ కాదు, ఇన్‌పుట్‌కి కలిసి ఉంటుంది. హీట్‌సింక్‌కి బిగించే ముందు మధ్యలో కరెంటు పోనివ్వని మైకా రేకు వేయండి.

ప్రశ్న: అన్నా, నా ప్రాజెక్టులో ఎంసీపీ 6002 ఆప్-యాంప్ వాడాను, రైల్-టు-రైల్ అన్నారు. యూఎస్‌బీ 5 వోల్టుల మీద నడుస్తోంది, అవుట్‌పుట్ ఆర్డుయినోకి ఇస్తున్నాను. సెన్సర్ సున్నా ఉన్నప్పుడు అవుట్‌పుట్ సున్నాకి రావట్లేదు, 20 మిల్లీవోల్టుల దగ్గర ఆగిపోతోంది. మైనస్ 5 ఇచ్చేస్తే సరిపోతుందా? రివ్యూ వచ్చే వారమే.
– ఇంజనీరింగ్ విద్యార్థిని, చిత్తూరు

మైనస్ 5 ఇవ్వకమ్మా! ఆ ఐసీ పై నుంచి కిందికి మొత్తం 6 వోల్టులకే తయారైంది. ప్లస్ 5, మైనస్ 5 అంటే 10, పెట్టగానే పోతుంది, రివ్యూ ముందు ఆ కష్టం నీకొద్దు. రైల్-టు-రైల్ అన్న మాటకి అర్థం అంచు దగ్గరిదాకా పోతుందని, అంచుని తాకుతుందని కాదు. ఆ 20 మిల్లీవోల్టులు దాని తప్పు కాదు, డేటాషీట్‌లో రాసి ఉన్నదే.

నీకు కావాల్సింది సున్నా కంటే కొంచెం, కొంచెమంటే కొంచెం కింద. సరిగ్గా ఈ పని కోసమే ఎల్ఎం 7705 అని ఒక ఐసీ ఉంది, 3 నుంచి 5.25 వోల్టుల దాకా సప్లై ఇస్తే మైనస్ 0.23 వోల్టు ఇస్తుంది. దాన్ని 6002 కింది సప్లై కాలుకి ఇస్తే మొత్తం 5.23, హద్దులోనే ఉంటుంది, అవుట్‌పుట్ నిజమైన సున్నాకి దిగుతుంది. ఆ అవుట్‌పుట్‌ని ఆర్డుయినోకి ఇస్తున్నావు కాబట్టి మధ్యలో ఒక 1 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టు, అవుట్‌పుట్ పొరపాటున సున్నా కిందికి జారినా ఆర్డుయినో ఇన్‌పుట్‌కి దెబ్బ తగలదు.

వచ్చే వారంలోపు ఆ ఐసీ చిత్తూరుకి చేరుతుందన్న నమ్మకం నాకు లేదు, ఆర్డర్ పెట్టి ఎదురుచూస్తూ కూర్చోకు. సెన్సర్ గ్రౌండ్‌నీ, యాంప్లిఫయర్ రిఫరెన్స్‌నీ 0.1 వోల్టు పైకి లేపు. 47 కిలోఓమ్, 1 కిలోఓమ్ రెసిస్టర్లతో 5 వోల్టులని విభజిస్తే దాదాపు అంతే వస్తుంది. 6002లో రెండు ఆంప్‌లు ఉంటాయి కదా, ఖాళీగా ఉన్న రెండోదాన్ని ఫాలోయర్‌గా కట్టి ఆ 0.1ని దాని ద్వారా ఇవ్వు. ప్రోగ్రాంలో మొదటి రీడింగ్ తీసుకుని, తర్వాత వచ్చే ప్రతి రీడింగ్ నుంచీ దాన్ని తీసేయి. ఆన్ చేసేటప్పుడు సెన్సర్ మీద ఏ బరువూ, ఏ వెలుగూ లేకుండా చూసుకుంటే చాలు.